పెద్దల డైపర్ ప్యాంటు ఎందుకు కారుతుంది? జెల్ పెంచే ముందు చూడవలసిన సంగతులు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మూత్రం ఆపుకోలేని పెద్ద వయసు స్త్రీల కోసం హైదరాబాద్ చర్లపల్లిలో ఒక చిన్న యూనిట్ పెట్టి, వాడి పారేసే ప్యాంటు డైపర్లు తయారు చేయాలని మీరు పూనుకున్నారు. మొదటి నమూనాలో ఒక్కొక్క ప్యాంటుకు 10 గ్రాముల జెల్ (తడిని పీల్చి ఉబ్బే గుళికల పొడి), 20 గ్రాముల పల్ప్ (దూది లాంటి చెక్క గుజ్జు) వేశారు. ఉప్పునీటిలో ముంచి, నీరు ఓడ్చి తూచితే అది సుమారు 700 మిల్లీలీటర్లు పట్టింది. అయినా వాడి చూసినవారిలో సగానికి పైగా తెల్లవారేసరికి తొడల పక్క నుంచి కారిందని చెప్పారు. జెల్‌ను 14 గ్రాములకు పెంచితే ఈ లీకు ఆగుతుందా అని, ప్యాంటు ఫొటో కూడా జతచేసి, మీరు అడుగుతున్నారు.

ఆగదు. ప్యాంటు మొత్తం మీద ఎంత పట్టుకోగలదన్నది ఒక సంగతి, వచ్చినదాన్ని ఎంత వేగంగా లోపలికి తీసుకుంటుందన్నది వేరొక సంగతి, లోపలికి తీసుకునే లోపు దాన్ని పక్కకు పోనీయకుండా ఏది అడ్డుకుంటుందన్నది ఇంకొక సంగతి. మీరు మొదటిదాన్ని మాత్రమే కొలిచారు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే మీ లోపం మిగిలిన రెండింటిలో ఉన్నదని నాకు గట్టిగా అనిపిస్తున్నది. వాటిని సరిచేయకుండా జెల్ పెంచితే ఖర్చు పెరగడమే కాక, లీకు కూడా పెరిగే ప్రమాదం ఉంది. అది ఎలాగో కింద వివరిస్తాను.

నేను ఈ పనిలోకి వచ్చి 24 ఏళ్లయింది. మొదటి ఎనిమిదేళ్లు నేను కూడా పట్టుకునే సామర్థ్యం గురించే ఆలోచించాను. ఆ తరువాత మలక్‌పేటలోని మా ఇంట్లో మా అమ్మ పక్షవాతంతో మంచాన పడింది. నేను స్వయంగా రూపొందించిన ప్యాంటునే ఆమెకు వేసేవాళ్లం. ఒకనాడు తెల్లవారుజామున అక్క పిలిస్తే వెళ్లి చూశాను. అమ్మ ఎడమ తుంటి కింద దుప్పటి మీద అరచేయంత తడి మచ్చ ఉంది. దుప్పటి మారుస్తున్నంతసేపూ అమ్మ ఒక్క మాట మాట్లాడకుండా గోడ వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ ప్యాంటును పారేయకుండా వంటింటి కాటా మీద పెట్టి తూచాను. పొడిగా ఉన్నప్పుడు 62 గ్రాములు ఉండే ప్యాంటు తడిసి 300 గ్రాములు కూడా తూగలేదు. తరువాత దాన్ని కత్తెరతో అడ్డంగా ఐదు ముక్కలు చేసి ఒక్కొక్క ముక్కనూ విడిగా తూచాను. మధ్య ముక్క, దానికి ముందున్న ముక్క ఉబ్బి బరువెక్కి ఉన్నాయి. వెనక రెండు ముక్కలలోని పల్ప్ మాత్రం దూదిలా పొడిగా చేతికి ఊడివచ్చింది. సగం ప్యాంటు ఖాళీగా ఉండగానే అమ్మ రాత్రంతా తడిలో పడుకున్నదన్నమాట. మీకు వెనక్కి వచ్చిన ప్రతి లీకు ప్యాంటునూ, చేతి తొడుగులు వేసుకుని, ఇలా ఐదు ముక్కలుగా కోసి తూచి రాసి పెట్టండి. ఏ ముక్క నిండింది, ఏ ముక్క ఎండి ఉంది అన్న ఈ లెక్క మీకు చెప్పేంత సమాచారం ఏ ప్రయోగశాల నివేదికా చెప్పదు.

ఇక వేగం సంగతికి వస్తాను. నిండిన మూత్రాశయం ఖాళీ అయ్యేటప్పుడు మూత్రం సెకనుకు 15 నుంచి 20 మిల్లీలీటర్ల వేగంతో రావచ్చు. వయసు మళ్లినవారిలో ఈ వేగం కొంత తగ్గుతుంది. కానీ తగ్గిన వేగంతోనే 200 మిల్లీలీటర్లు పావు నిమిషంలోనో అంతకు కాస్త ఎక్కువ సమయంలోనో వచ్చేస్తాయి. జెల్ ఇంత త్వరగా ఉబ్బదు. దీన్ని మీరే చూడవచ్చు. 50 మిల్లీలీటర్ల ఉప్పునీటిని ఒక బీకరులో అయస్కాంత కడ్డీతో వేగంగా తిప్పుతూ అందులో 2 గ్రాముల జెల్ పొడి పోసి, నీటి మధ్యలో ఏర్పడిన సుడి పూర్తిగా మూసుకుపోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో గడియారంతో కొలవండి. మామూలు రకాలలో ఇది అర నిమిషం నుంచి నిమిషం దాకా ఉంటుంది. అంటే జెల్ తన పని మొదలుపెట్టి ముగించే లోపే మూత్రం మొత్తం వచ్చి ప్యాంటులో నిలిచి ఉంటుంది. ఆ కొద్ది క్షణాలు అది ఎక్కడ నిలవాలి అన్న ప్రశ్నకు మీ నమూనాలో సమాధానం లేదు.

మన నగరంలో గట్టి వాన పడిన సాయంత్రాన్ని తలచుకోండి. ఒక్క గంట వానకే రోడ్డు మోకాలి లోతు నిండడానికి కారణం చెరువులలో చోటు లేకపోవడం కాదు. కురిసిన నీటిని అదే వేగంతో చెరువు దాకా మోసుకుపోయే నాలా లేకపోవడం. ప్యాంటులో ఆ నాలా పని చేసేది టాప్ షీటుకూ (చర్మానికి తగిలే పొర) కోరుకూ (జెల్, పల్ప్ ఉండే పీల్చే భాగం) మధ్య వేసే పొర. దీన్ని పరిశ్రమలో ఏడీఎల్ (అక్విజిషన్ డిస్ట్రిబ్యూషన్ లేయర్) అంటారు. పోగులను నేయకుండా వేడి గాలితో అతికించిన గుల్ల బట్ట, అంటే నాన్‌వోవెన్‌తో ఇది తయారవుతుంది. దాని పోగుల మధ్య ఖాళీలు పెద్దవిగా ఉంటాయి కనుక ద్రవాన్ని క్షణంలో తనలోకి తీసుకుని, ముందుకూ వెనక్కూ పరచి, నెమ్మదిగా కోరుకు అందిస్తుంది. మీ ఫొటోలో ఈ పొర అరచేతి పొడవు మాత్రమే ఉంది. పైగా బాగా పలచగా ఉంది. దాన్ని కోరు పొడవులో కనీసం సగం దాకా పెంచి, వెనక వైపుకు ఎక్కువ సాగేలా అమర్చండి. స్త్రీలలో మూత్రం పడే చోటు ప్యాంటుకు సరిగ్గా మధ్యలో ఉంటుంది. వెల్లకిలా పడుకున్నప్పుడు అది పిరుదుల మధ్యగా వెనక్కి పారుతుంది. పురుషుల నమూనాను కొద్దిగా మార్చి స్త్రీలకు అమ్మేవారు ఈ తేడాను పట్టించుకోరు. మా అమ్మ ప్యాంటులో వెనక ముక్కలు ఎండి ఉండడానికి నేను చేసిన తప్పు కూడా ఇదే. కోరు వెనక దాకా ఉంది గాని అక్కడిదాకా నీటిని చేర్చే పొర లేదు.

జెల్ పెంచితే లీకు ఎందుకు పెరగవచ్చో ఇప్పుడు చెబుతాను. మనం జెల్ అని పిలిచేది సోడియం పాలీఅక్రిలేట్ అనే పాలిమర్ గుళికలు. స్వచ్ఛమైన నీటిని ఇది తన బరువుకు కొన్ని వందల రెట్లు పీల్చుకుంటుంది. ప్రకటనలలో కనిపించేది ఆ అంకెలే. మూత్రంలో లవణాలు ఉంటాయి కనుక అక్కడ దాని శక్తి బాగా పడిపోతుంది. 0.9 శాతం ఉప్పునీటిలో స్వేచ్ఛగా వదిలితే గ్రాముకు 50 గ్రాములు, యంత్రంలో గిరగిర తిప్పి పిండితే 30 నుంచి 35 గ్రాములు, మనిషి కూర్చున్నంత ఒత్తిడి కింద 20 నుంచి 25 గ్రాములు పట్టుకుంటుంది. పల్ప్ విషయం ఇంకా కష్టం. ఒత్తిడి లేనప్పుడు గ్రాముకు పది గ్రాములకు మించి పీల్చినా, కూర్చోగానే తడి గుడ్డను పిండినట్టు చాలావరకు వదిలేస్తుంది. మీ నమూనాకు ఈ లెక్క కట్టి చూడండి. ముంచినప్పుడు జెల్ వంతు 500, పల్ప్ వంతు 200, కలిపి మీరు చూసిన 700. అదే ప్యాంటు వేసుకుని మనిషి కూర్చుంటే జెల్ వంతు సుమారు 220, పల్ప్ వంతు 60 దాకా, కలిపి 300 కన్నా తక్కువ. ముంచి తూచే పద్ధతికి 1996 నాటి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 11948 మొదటి భాగంలో స్థానం ఉంది. ఒక ప్యాంటును మరొక ప్యాంటుతో పోల్చడానికి అది పనికివస్తుంది. కానీ దాన్ని రాత్రంతా ఆదుకునే సామర్థ్యంగా ప్యాకెట్ మీద అచ్చు వేయడం వాడేవారికి అన్యాయం చేయడమే అవుతుంది.

ఆ లెక్క చూసి, అయితే జెల్ పెంచాలనే కదా అర్థం అని మీరు అనవచ్చు. మొత్తం సామర్థ్యం చాలనప్పుడు పెంచవలసిందే. కానీ మూత్రం మొదట పడే చోట జెల్ ఒత్తుగా ఉంటే పై గుళికలు ముందుగా ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కుని, మధ్యలోని సందులను మూసేస్తాయి. కింద పొడి జెల్ ఎంత ఉన్నా దానికి నీరు అందదు. రెండోసారి మూత్రం వచ్చేసరికి అక్కడ జారుడు గచ్చు లాంటి జెల్ పలక తయారై ఉంటుంది. నీరు దాని మీదుగా జారి పక్కకు పోతుంది. మీవాళ్లు మొదటిసారి కాదు, తెల్లవారుజామున కారిందని చెప్పడం నాకు ఈ అనుమానాన్నే కలిగిస్తున్నది. పెద్ద వయసులో రోజు మొత్తం మూత్రంలో మూడో వంతుకు మించి రాత్రిపూటే రావడం మామూలే కనుక, రెండోసారి, మూడోసారి వచ్చేదాన్ని తీసుకోగలగడమే రాత్రి ప్యాంటుకు అసలు పరీక్ష. అందువల్ల సరఫరాదారును అడిగేటప్పుడు ఎంత పీలుస్తుందని మాత్రమే అడగకండి. ఒత్తిడి కింద ఎంత పట్టుకుంటుంది, ఉబ్బిన తరువాత కూడా తన గుండా నీటిని ఎంత పారనిస్తుంది అన్న రెండు అంకెలనూ రాతపూర్వకంగా తీసుకోండి. ధర కొంచెం ఎక్కువైనా గట్టిగా ఉబ్బే రకాన్ని 10 గ్రాములు వేయడం, మెత్తగా ఉబ్బే చవక రకాన్ని 14 గ్రాములు వేయడం కన్నా మేలు. జెల్‌ను మూత్రం పడే చోట కాస్త పలచగా, దానికి వెనకా ముందూ కాస్త చిక్కగా వేయగలిగితే ఇంకా మేలు.

ఇంతవరకు చెప్పినది సగం సంగతే. తొడల పక్క లీకుకు అన్నిటికన్నా పెద్ద కారణం గజ్జల దగ్గర మిగిలే సందు. దీని గురించి కొంచెం విపులంగా రాస్తాను, ఎందుకంటే కొత్తగా యూనిట్ పెట్టినవారు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే.

ప్యాంటు లోపల రెండు వైపులా నిలబడే పలచని గోడలను లీక్ గార్డులు అంటాం. 1951లో అమెరికాలో మారియన్ డోనవన్ పసిపిల్లల గుడ్డ పైన తొడిగే నీరు కారని కవరుకు పేటెంటు పొందినప్పుడు, తడి బయటికి రాకుండా ఆపే పనిని లోపలి గుడ్డకు కాక పై తొడుగుకు అప్పగించారు. లోపలే నిలబడే గోడలు చాలా తరువాత, 1980ల చివర్లో పేటెంట్లకు ఎక్కాయి. ఆ మూల పేటెంట్ల గడువు ఎప్పుడో తీరిపోయింది కనుక మీరు నిశ్చింతగా వాడుకోవచ్చు. ఈ గోడల పని చెరువు గట్టు పని లాంటిదే. జెల్ ఉబ్బే వరకు, అంటే ఆ అర నిమిషం సేపు, నిలిచిన నీరు పక్కకు దాటకుండా అవి నిలబడాలి. మీ ఫొటోలో గార్డులు ఉన్నాయి గాని నిలబడి లేవు. టాప్ షీటు మీద పడుకుని ఉన్నాయి. గార్డు నిలబడాలంటే దాని అంచులోని ఎలాస్టిక్ లాగినప్పుడు ప్యాంటు మొత్తం మోదుగాకు దొప్పలా వంగాలి. కోరు అట్టలా బిరుసుగా ఉంటే వంగదు, గార్డు లేవదు. మీ కోరును మరీ గట్టిగా నొక్కుతున్నారేమో చూడండి. లేదా కోరు మధ్యలో నిలువునా రెండు సన్నని పలచటి గీతలు వదలండి. ఆ గీతల దగ్గర కోరు మడతపడి దొప్ప ఆకారం వస్తుంది, వాటి వెంట నీరు కూడా త్వరగా వెనక్కి నడుస్తుంది.

గార్డు ఎత్తు పెద్దల ప్యాంటుకు 35 నుంచి 45 మిల్లీమీటర్లు ఉండడం మంచిది. మీది 25 మాత్రమే అని రాశారు. ఎత్తు కన్నా ముఖ్యమైనది గార్డు మొదలు, అంటే అది టాప్ షీటుకు అతుక్కునే గీత. ఆ జిగురు గీతలో ఎక్కడైనా అంగుళం మేర తెగితే నీరు గోడ దాటనవసరం లేదు, గోడ కింద నుంచే పోతుంది. దీన్ని పట్టుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. ప్యాంటును బల్ల మీద పరచి, గార్డును చేత్తో నిలబెట్టి, దాని మొదలు వెంట సిరా కలిపిన ఉప్పునీటిని సిరంజితో సన్నగా పోసుకుంటూ వెళ్లండి. నిమిషం తరువాత గార్డు బయటి వైపు తెల్లని టిష్యూ అద్దితే, రంగు అంటిన ప్రతి చోటా మీ జిగురు నాజిల్ తప్పు చేసిందని అర్థం. నేను పనిచేసిన ఒక కర్మాగారంలో మూడు నెలల పాటు లీకుల మీద ఫిర్యాదులు వస్తే, జెల్‌నూ పల్ప్‌నూ మార్చి మార్చి అలసిపోయిన తరువాత, చివరికి తేలినది ఒక నాజిల్ రంధ్రంలో గడ్డకట్టిన జిగురు. కోరులో మేం చేసిన మార్పులన్నీ ఆ మూడు నెలలూ వృథా అయ్యాయి.

గార్డుకు వాడే నాన్‌వోవెన్ నీటిని అంటనీయని రకం కావాలి. దాని పక్కనే ఉండే టాప్ షీటు నీటిని ఆహ్వానించే రకం. దానికి ఆ గుణం రావడానికి ఒక రసాయనం పూస్తారు. ప్యాకెట్లను రేకుల షెడ్డులో ఉంచితే, ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు, ఆ పూత మెల్లగా పక్కనున్న గార్డుకు పాకుతుంది. ఫిబ్రవరిలో బాగా పనిచేసిన అదే బ్యాచ్ జూన్‌లో కారుతుంది. తయారైన రోజున ఒకసారి, గోదాములో రెండు నెలలు ఉన్న తరువాత ఒకసారి గార్డు మీద నీటి బొట్టు వేసి చూడండి. బొట్టు ముత్యంలా నిలవాలి, పరచుకుని ఇంకకూడదు. వేడి వల్ల ఇంకొక నష్టం కూడా ఉంది. ఎలాస్టిక్ పోగులు జిగురులో జారి బిగువు కోల్పోతాయి. పోగును పూర్తిగా సాగదీసి, అతికించిన చోట పెన్నుతో గుర్తు పెట్టి, 38 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు ఉంచి, పోగు ఎంత లోపలికి జారిందో కొలవడం ఈ రంగంలో అందరూ చేసే పరీక్ష. మన వాతావరణానికి నేను దాన్ని 45 డిగ్రీల దగ్గర కూడా చేయిస్తాను.

ఇక కాలి ఎలాస్టిక్. మీరు యువతుల మీద, మీ సిబ్బంది మీద ప్యాంటును సరిచూశారని రాశారు. దయచేసి అలా చేయకండి. వయసు మళ్లినవారికి తొడల కండ కరిగి, చర్మం వదులై, నడుము మాత్రం లావుగా ఉంటుంది. నడుము కొలతను బట్టి ఎల్ సైజు వేస్తే కాలి దగ్గర రెండు వేళ్లు దూరేంత సందు మిగులుతుంది. ఆ సందు మూయడానికి ఎలాస్టిక్‌ను బిగిస్తే పలచని చర్మం కోసుకుపోతుంది. బిగువు పెంచడానికి బదులు పోగుల సంఖ్య పెంచండి. ఒక్కొక్క కాలికి రెండు పోగులు గట్టిగా లాగి వేయడం కన్నా మూడు నాలుగు పోగులను దగ్గర దగ్గరగా తక్కువ బిగువుతో వేస్తే, అదే పట్టు వెడల్పుగా పరచుకుని చర్మం మీద గాటు పడదు. నేను పెట్టుకున్న హద్దు ఏమిటంటే, ప్యాంటు విప్పిన పావు గంటలో ఎలాస్టిక్ గుర్తు కనిపించకుండా పోవాలి. కోరు వెడల్పును కూడా చూడండి. రెండు తొడల మధ్య దొరికే చోటు చాలామందిలో 7, 8 సెంటీమీటర్లకు మించదు. మీ కోరు మధ్యలో 13 సెంటీమీటర్లు ఉంది. అది అక్కడ ముడతపడి, కాలి ఎలాస్టిక్‌ను లోపలి నుంచి తోసి, మీరే సందు చేసినట్టవుతుంది. మధ్యలో 9, 10 సెంటీమీటర్లకు తగ్గించి, తగ్గించిన సరుకును వెనక్కి జరపండి.

పక్కకు తిరిగి పడుకునేవారికి నీరు గజ్జ మడత వెంట కింద ఉన్న తుంటి మీదికి దిగుతుంది. అందుకే వెనక భాగం ముందు భాగం కన్నా ఎత్తుగా ఉండి, నడుము ఎలాస్టిక్ తుంటి ఎముక పైకి రావాలి. దీన్ని నిలబెట్టిన బొమ్మ మీద పరీక్షిస్తే ఎప్పటికీ తెలియదు.

ఇక్కడ ఒక మాట నిర్మొహమాటంగా చెప్పాలి. లేచి నడవగలిగిన వారికీ, ఒకరి సాయంతో నిలబడగలిగిన వారికీ ప్యాంటు మంచి సౌకర్యం. తన లోదుస్తులు తానే వేసుకున్నట్టు ఉంటుంది, పరువు నిలుస్తుంది. పూర్తిగా మంచం మీదే ఉన్నవారికి మాత్రం పక్కల టేపులతో అతికించే డైపరే సరైనది. కాళ్ల గుండా ప్యాంటు ఎక్కించడానికి మనిషిని ఎత్తవలసి వస్తుంది. ఆ తొందరలో గార్డులు లోపలికి మడతపడతాయి. మడతపడిన గార్డు లేనట్టే. మా అమ్మకు ప్యాంటు వేయడమే పొరపాటని నాకు ఆలస్యంగా తెలిసింది. మీ ప్యాకెట్ మీద ఎవరికి పనికివస్తుందో, ఎవరికి పనికిరాదో తెలుగులోనూ ఉర్దూలోనూ పెద్ద అక్షరాలతో రాయించండి. వేసిన తరువాత ఒక్కసారి వేలితో గజ్జల వెంట తిప్పి గార్డులను పైకి తీయాలని బొమ్మతో సహా చూపించండి. ఈ ఒక్క బొమ్మ వల్ల తగ్గే లీకులు మీరు వేయబోయే నాలుగు గ్రాముల జెల్ వల్ల తగ్గవు.

బయటి పొర అయిన బ్యాక్ షీటు విషయం త్వరగా ముగిస్తాను. మన వేడికి గాలి ఆడే ఫిల్మ్ తప్పనిసరి. పాలిథిలిన్‌లో సున్నపురాయి పొడి కలిపి సాగదీస్తే ఏర్పడే సూక్ష్మ రంధ్రాల గుండా ఆవిరి పోతుంది, నీరు పోదు. అయితే వేడి మూత్రం పడగానే ఆ ఆవిరి బయట చల్లబడి ప్యాంటు వెనక చెమ్మగా తగులుతుంది. చాలామంది దాన్నే లీకు అనుకుంటారు. చెమ్మ ఒకే తీరుగా పరచుకుని ఉంటే ఆవిరి, ఒక చోట మచ్చగా ఉంటే లీకు. ఫిల్మ్ మరీ పలచనైతే జెల్ గుళికలు ఒత్తిడికి పొడుచుకుని సూది రంధ్రాలు చేస్తాయి కనుక, కోరుకు కింద కూడా టిష్యూ పొర చుట్టి ఉండాలి. వానాకాలంలో జెల్ బస్తాను తెరిచి వదిలితే గాలిలోని తేమకే గడ్డలు కడుతుంది. దాన్ని దంచి వాడకండి.

పరీక్ష ఎలా చేయాలో చెబుతాను. లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు కలిపి, 37 డిగ్రీలకు వేడిచేసి, కొద్దిగా రంగు వేయండి. నడుము నుంచి మోకాళ్ల దాకా ఉన్న ఒక బొమ్మ కావాలి. రాయదుర్గంలోని నమూనాల తయారీ కేంద్రం టీ వర్క్స్‌లో 3డీ ప్రింటర్లూ ఇతర యంత్రాలూ ఉన్నాయి. సన్నని తొడలతో ఒక బొమ్మ, లావు తొడలతో ఒక బొమ్మ అక్కడ చేయించుకోవచ్చు. పైన మెత్తని సిలికాన్ తొడుగు వేయండి, గట్టి ప్లాస్టిక్ మీద గజ్జ మడత ఏర్పడదు. ప్యాంటు తొడిగి, సన్నని గొట్టం ద్వారా 150 మిల్లీలీటర్లను 10 సెకన్లలో పంపి, అర గంట ఆగి రెండోసారి, ఇంకొక అర గంటకు మూడోసారి పంపండి. ఇదంతా నిలబెట్టి ఒకసారి, బరువు పెట్టి కూర్చోబెట్టి ఒకసారి, వెల్లకిలా ఒకసారి, పక్కకు తిప్పి ఒకసారి చేయండి. ఎప్పుడు కారింది, ఎక్కడ కారింది, అప్పటికి లోపల ఎంత ఉంది అన్న మూడు అంకెలే ముఖ్యం. చివరన టాప్ షీటు మీద పొడి వడపోత కాగితాలు పెట్టి, బరువు మోపి, ఎంత తడి తిరిగి వచ్చిందో తూచండి. ఆ తిరిగి వచ్చే తడే చర్మాన్ని పాడు చేస్తుంది. మూత్రంలోని యూరియా సూక్ష్మజీవుల వల్ల అమ్మోనియాగా మారి చర్మపు సహజమైన ఆమ్లగుణాన్ని తీసేస్తుంది. మలం కూడా తగిలితే అందులోని ఎంజైములు ఆ చర్మాన్ని త్వరగా దెబ్బతీస్తాయి. అందుకే కారకపోయినా రాత్రి వేసిన ప్యాంటును మరుసటి మధ్యాహ్నం దాకా ఉంచవచ్చని మీ అమ్మకందారులు ఎప్పుడూ చెప్పకూడదు.

పక్క కుట్లు దారం లేకుండా ధ్వని తరంగాలతో అతికించే అల్ట్రాసోనిక్‌తో వేస్తున్నారు కనుక, పైకి లాగినప్పుడు తెగకుండా, విప్పేటప్పుడు చేత్తో చీలేలా ఉండాలి. చుట్టి అతికించడానికి వెనక ఒక టేపు పెట్టండి. ఇలాంటి వాటిని చుట్టి పారేయడానికి తయారీదారులే కవరు ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెప్పాయి, దాన్ని మొదటి ప్యాకెట్ నుంచే పాటించండి. పెద్దల డైపర్లకు బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం విడిగా ఉంది. తాజా ప్రతి కొనుక్కుని మీ కొలతలను దానితో సరిచూసుకున్న తరువాతే అచ్చులకు డబ్బు కట్టండి.

ఇప్పుడు చేయవలసిన పని వరుస ఇది. జెల్ 10 గ్రాముల దగ్గరే ఉంచి, మొదట గార్డు జిగురు గీతను సిరాతో పరీక్షించి సరిచేయండి. రెండో వారం గార్డు ఎత్తును 40 మిల్లీమీటర్లకు పెంచి 20 ప్యాంట్లు చేయండి. మూడో వారం ఆ నమూనాకే కోరు మధ్య వెడల్పు తగ్గించి మరో 20 చేయండి. నాలుగో వారం ఆ నమూనాకే ఏడీఎల్ పొడిగించి మరో 20 చేయండి. ఒకేసారి రెండు మార్పులు కలిపితే ఏది పనిచేసిందో తెలియదు కనుక ఈ వరుస తప్పకండి. ఆ తరువాత, వాడేవారి అనుమతితో, ఐదారుగురు పెద్దవారికి వారం రోజుల చొప్పున ఇచ్చి, రాత్రి ఏ పక్కకు తిరిగి పడుకున్నారు, ఎన్ని గంటలకు మార్చారు, మచ్చ ఎక్కడ పడింది అన్నది ఇంట్లో చూసుకునేవారితో కాగితం మీద రాయించండి. విప్పిన ప్యాంట్లన్నీ కవరులో కట్టి తెప్పించుకుని ఐదు ముక్కలుగా తూచండి. ఐదు ముక్కలూ ఇంచుమించు సమానంగా నిండి కూడా ఇంకా కారుతున్నాయని ఆ కాగితాలు చెబితే, అప్పుడు జెల్ పెంచండి. అప్పుడు కూడా ఒక్కొక్క గ్రాము చొప్పున పెంచి, ప్రతిసారీ బొమ్మను పక్కకు తిప్పి పడుకోబెట్టి చేసే పరీక్షను మళ్లీ చేయండి. ఆ తూకాల పట్టిక పంపితే నేను చూసి చెబుతాను.